బండ కింద 597 మిల్లీమీటర్లు

మే 11

రాత్రి పదకొండు దాటింది. రూములో 39 డిగ్రీలు. కంప్యూటర్‌లో ఐదో నంబరు హార్డ్ డిస్కు 57 డిగ్రీలు. డిస్కుల కంపెనీలు మామూలుగా 60 దాకా ఫర్వాలేదని రాస్తాయి. ఆ 60కి ఇంకా మూడు డిగ్రీలే ఉంది, రెండర్, అంటే ఎడిట్ చేసిన పెళ్లి వీడియోను ఒక ఫైలుగా తయారుచేసే పని, ఇంకా నలభై శాతం మిగిలే ఉంది. క్యాబినెట్ పక్క రేకు ఊడదీసి, నాయన మంచం పక్కనున్న టేబుల్ ఫ్యాన్ తెచ్చి దాని ముందు పెట్టాను. పది నిమిషాల్లో 51కి దిగింది. నాయన లేచొచ్చి, కంప్యూటర్‌కు గాలి వీస్తున్న తన ఫ్యాన్‌ను చూసి, ఏమీ అనకుండా మిద్దె మీదికి పోయి పడుకున్నాడు.

మాది కడపలో పెళ్లి ఫోటోల స్టూడియో. నాయన కాలంలో నెగెటివ్‌లు రేకు డబ్బాల్లో ఉండేవి. నా కాలంలో హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి. 4కే వీడియో సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన గంటకు 45 జీబీ. మూడు కెమెరాలు, ఒక్కోటి ఆరు గంటలు నడిస్తే ఒక్క పెళ్లికి 810 జీబీ. తుడిచెయ్యొచ్చు కదా అంటారు. ఏడాదిన్నర తర్వాత ఎవరో ఒకరు వచ్చి "అన్నా, మా అవ్వ పోయింది. పెళ్లిలో ఆమె అక్షింతలు ఏసే బిట్టు ఏమన్నా ఉందా?" అని అడుగుతారు. అలా అడిగినోళ్లు ఇప్పటికి నలుగురు. అందుకే తుడవను.

ఆ లెక్కన ఎనిమిది డిస్కులయ్యాయి. నా పాత క్యాబినెట్‌లో చోటు మూడింటికి. నాలుగోది డీవీడీ డ్రైవ్ ఉండాల్సిన అరలో, ఐదోది రబ్బరు బ్యాండు కట్టి కింద పెట్టాను. మిగిలిన మూడు బయట బల్ల మీద. వేడెక్కింది ఆ రబ్బరు బ్యాండుదే.

ఈ ముహూర్తాలు అయిపోగానే కొత్త క్యాబినెట్. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి అప్పుడు బిగించాలి, శ్రావణం మొదలయ్యేలోపు నడవాలి. గడువు పంచాంగమే పెట్టింది.

మే 14

బెంగళూరులో ఉండే బావకు ఫోన్ చేసి, ఫుల్ టవర్, అంటే అన్నిటికంటే పెద్ద రకం క్యాబినెట్, కొందామనుకుంటున్నానని చెప్పాను. "ఫుల్ టవర్ ఎవరు కొంటున్నార్రా ఇప్పుడు? అది 2010 నాటి మోజు" అన్నాడు. ఆయన మాటలో నిజముంది. మామూలు ఏటీఎక్స్ మదర్‌బోర్డు 305 బై 244 మిల్లీమీటర్లు. 1995లో ఇంటెల్ ఆ ప్రమాణం తెచ్చినప్పటి నుంచి అదే కొలత. ఏ మిడ్ టవర్‌లోనైనా, అంటే మధ్యరకం పెట్టెలోనైనా, పడుతుంది. పెద్ద బోర్డు, అంటే 330 వెడల్పు దాకా వచ్చే ఈ-ఏటీఎక్స్ రకం, కావాల్సినోళ్లు ఎందరని? నాది మామూలు బోర్డే. గేములు ఆడుకునే పిల్లలెవరైనా ఇది చదువుతుంటే వాళ్లకు చెప్పేది ఒకటే: మీకు ఫుల్ టవర్ వద్దు, ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టండి.

నా బాధ బోర్డుతో కాదు, డిస్కులతో. ఇప్పుడొస్తున్న మిడ్ టవర్లలో చాలావాటికి ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) పక్కన చీకట్లో రెండు డిస్కుల అర ఒకటి ఉంటుంది, అంతే. ముందువైపంతా అద్దం, లోపల రంగురంగుల లైట్లు. దీపావళికి కొన్నట్టుంటుంది. పైగా నా గ్రాఫిక్స్ కార్డు మూడు ఫ్యాన్లది, 31 సెంటీమీటర్ల పొడవు. పాత క్యాబినెట్‌లో దాన్ని పెట్టడానికి డిస్కుల బోనులో ఒక అంతస్తు ఊడదీయాల్సి వచ్చింది. కార్డు ఉంటే డిస్కు ఉండదు, డిస్కు ఉంటే కార్డు ఉండదు. ఇంట్లో ఇద్దరు కోడళ్ల కథ.

ఇంకో సంగతి ఈరోజే తెలిసింది. 'ఫుల్ టవర్' అనే మాటకు ఎవరూ రాసిన ప్రమాణం లేదు. బోర్డుకు ఉంది, ఎస్ఎంపీఎస్‌కు ఉంది, పెట్టెకు లేదు. ఒక కంపెనీ మిడ్ అన్నది ఇంకో కంపెనీ ఫుల్ కంటే లావుగా ఉండొచ్చు. కాబట్టి పేరు చూడకూడదు, మిల్లీమీటర్లు చూడాలి.

మే 20

ఈరోజంతా టేపుతో గడిచింది.

నేను పనిచేసే బల్ల చెక్కది కాదు. గోడలో పాతిన కడప బండ. దాని కింద రెండు గోడ ముక్కల మధ్య ఖాళీ ఉంది, అందులోనే ఇన్నేళ్లూ సీపీయూ పెట్టేది. ఊర్లో సగం ఇళ్లలో అలమార్లు, వంటగట్లు, బల్లలు అన్నీ ఈ బండే. ఎర్రగుంట్ల వైపు నుంచి లారీల్లో వస్తుంది. మేస్త్రీ రెండడుగుల ఎత్తు వదిలానన్నాడట నాయనతో. రెండడుగులంటే 610 మిల్లీమీటర్లు. టేపు పెట్టి చూస్తే ఇరవై మూడున్నర అంగుళాలే వచ్చింది: 597. మళ్లీ కొలిచాను. ఎడమ మూలలో 597, కుడి మూలలో 594. బండ కొద్దిగా వాలింది.

కాగితం మీద నచ్చిన మూడు పెట్టెలు ఇవి. ఫ్రాక్టల్ డిఫైన్ 7 ఎక్స్ఎల్, ఎత్తు 566. కోర్సెయిర్ 7000డి ఎయిర్‌ఫ్లో, ఎత్తు 600. ఫాంటెక్స్ ఎంథూ ప్రో 2, ఎత్తు 580. రెండోది బండ కింద దూరదు. కేవలం మూడు మిల్లీమీటర్ల తేడాతో ఆగింది, కుడివైపైతే ఆరు.

మొదటిది, మూడోది దూరుతాయి కాబట్టి ఆ రెండిట్లో ఒకటి తీసుకుందాం అనుకుని సంబరపడ్డాను. తర్వాత బుర్ర పనిచేసింది. ఒకదానికి పైన ముప్పై ఒకటి, ఇంకోదానికి పదిహేడు మిల్లీమీటర్ల సందే. పెట్టె పైకప్పులోంచి వేడి గాలి బయటికి పోవాలి కదా. అది బండకు తగిలి, అక్కడే తిరిగి, మళ్లీ లోపలికే వస్తుంది. పట్టడం వేరు, ఊపిరాడటం వేరు.

సాయంత్రం ఆల్బమ్‌లొచ్చే అట్టపెట్టెలు కత్తిరించి, ప్యాకింగ్ టేపు వేసి, 600 ఎత్తు, 550 లోతు, 248 వెడల్పుతో ఒక డమ్మీ క్యాబినెట్ చేశాను. కాగితం మీద చదివినప్పుడు 60 సెంటీమీటర్లు అంటే ఏమంత అనిపించలేదు. అట్టతో చేసి నేల మీద పెడితే తెలిసింది. నా మోకాలి పైకి వచ్చింది. జేజి వచ్చి చుట్టూ తిరిగి చూసి, "ఏంది అబ్బీ ఇది, కోళ్లు పెంచుతాండావా?" అంది. ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరి దారికి అడ్డమే. చివరికి బల్ల కుడిపక్కన, కిటికీకి దూరంగా, గోడకు జానెడు వదిలి పెట్టాను. రెండు రోజులు ఆ అట్టపెట్టెను అక్కడే ఉంచుతాను. ఎవరి కాలికి ఎన్నిసార్లు తగులుతుందో చూడాలి.

మే 22

తగిలింది రెండుసార్లు. రెండుసార్లూ నా కాలికే.

జూన్ 3

బండ కింద పెట్టే ఆలోచన పోయింది కాబట్టి ఎత్తు గొడవ లేదు. ఇక చూసుకోవాల్సింది గాలి, దుమ్ము, డిస్కులు.

డిఫైన్ 7 ఎక్స్ఎల్ మీద మనసు చాలా పోయింది. 18 డిస్కుల దాకా పడతాయట. కానీ అన్నిటికీ ట్రేలు పెట్టెతో రావు, విడిగా కొనాలి. దాని ముందు భాగం తలుపులా మూసుకుని ఉంటుంది, శబ్దం బయటికి రాకుండా దళసరి పొర. చల్లటి దేశాల్లో చేసిన ఆలోచన అది. మా రూములో శబ్దం సమస్యే కాదు, సీలింగ్ ఫ్యాన్ మోత ముందు ఏ క్యాబినెట్టూ వినపడదు. ఎంథూ ప్రో 2 విశాలం, ఒకే పెట్టెలో రెండు కంప్యూటర్లు కూడా బిగించుకోవచ్చు. నాకు ఒక్కటే ఎక్కువవుతోంది.

7000డి ఎయిర్‌ఫ్లో ముందు రేకంతా సన్న చిల్లులు, మూడు 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పెట్టెతోనే వస్తాయి. 120 ఫ్యాన్‌తో పోలిస్తే 140 ఫ్యాన్ వైశాల్యం 36 శాతం ఎక్కువ. అంటే అంతే గాలిని మెల్లగా తిరిగి ఇవ్వగలదు. పెద్ద డిస్కులు ఆరు పడతాయి. నావి ఎనిమిది. మూడు రాత్రులు కూర్చుని, పాత 2 టీబీవి మూడింటిలో ఉన్నదంతా కొత్త 8 టీబీ డిస్కు ఒకదానిలోకి కాపీ చేశాను. ఎనిమిది ఆరయ్యాయి. పాత మూడింటినీ రేకు డబ్బాలో పెట్టి నాయన నెగెటివ్‌ల పక్కన ఉంచాను. అవి రెండో కాపీ.

జూన్ 14

చెన్నై రిచీ స్ట్రీట్, ఎలక్ట్రానిక్స్ దుకాణాల వీధి. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కానీ ఇంత పెద్ద వస్తువును చెయ్యి పెట్టి చూడకుండా కొనడం నా వల్ల కాదు. మూడో దుకాణంలో బయటికి తీసి పెట్టినది ఒకటి ఉంది. వెనక రేకు తీయించి, బోర్డు ట్రే వెనక ఎన్ని వేళ్లు పడతాయో చూశాను. రెండు వేళ్లు. నా పాతదాంట్లో చిటికెన వేలు కూడా పట్టదు. అక్కడే నాకు ఫుల్ టవర్ ఎందుకో పూర్తిగా అర్థమైంది: మనిషి చెయ్యి పట్టడానికి. ఆరు డిస్కులకు ఆరు డేటా తీగలు, పవర్ తీగలు, ఫ్యాన్ల తీగలు, అన్నీ ఆ వెనక సందులోంచే పోవాలి.

ధర ఇరవై వేల పైమాట. బేరం ఆడితే ఒక కీబోర్డు ఇస్తానన్నాడు, వద్దన్నాను. ఖాళీ పెట్టెను బస్సు డిక్కీలోకి ఎక్కించడానికి ఇద్దరం పట్టాం. రేణిగుంట దాటేదాకా ప్రతి స్టాపులో దిగి, దాని మీద ఎవరైనా మూట వేశారేమోనని చూస్తూనే ఉన్నాను.

జూన్ 27

ఆషాఢం వచ్చింది. ఈరోజు బిగించడం మొదలు. మొదలుపెట్టిన పావుగంటకే రెండు తప్పులు.

మొదటిది అద్దం. పక్క తలుపు గట్టి గాజుది, టెంపర్డ్ అంటారే, అది. తీసి, జాగ్రత్తగా, స్టూడియో ముందు గదిలో నేల మీద నిలువుగా గోడకు ఆనించాను. ఆ గదికి నిరుడే టైల్స్ వేయించాం. మూల టైలును తాకిందో లేదో, 'టప్' మని ఒక్క చప్పుడు. అద్దం లేదు. నేల నిండా పటికబెల్లం ముక్కల్లాంటి గాజు. దెబ్బ తగల్లేదు, ఆ గాజు అలా చిన్న ముక్కలుగా పగిలేలాగే చేస్తారు. పైపొర గట్టిగా నొక్కుకుని, లోపల లాగుతూ ఉంటుంది. అంచు దగ్గర టైలు లాంటి గట్టి వస్తువు ఒక్క గీటు పెడితే చాలు, ఆ బిగువంతా ఒక్కసారిగా విడిపోతుంది. ఈ సంగతి నాకు ముందే తెలుసు. ఎక్కడో చదివి, పక్కవాళ్లకు కూడా చెప్పాను. లోపలి గదిలో కడప బండ మీద పెట్టి ఉంటే మిగిలేదేమో. అది సున్నపురాయి, గాజు కంటే మెత్తన.

నేమ్ బోర్డులు చేసే షాపులో నాలుగు మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటు కోయించాను. నల్లది అడిగాను. లోపల చూడాల్సింది ఏముంది?

రెండో తప్పు జరగబోయి ఆగింది. డిస్కులకు పవర్ తీగ ఒకటి పొట్టిదైంది. మా దగ్గర పనిచేసే పిల్లోడు పాత ఎస్ఎంపీఎస్ సంచిలోంచి పొడుగుది తీసి ఇచ్చాడు. సాకెట్‌లో నున్నగా దూరింది కూడా. స్విచ్ వేయబోతూ చెయ్యి వెనక్కి తీసుకున్నాను. డిస్కు వైపు ప్లగ్గుకు ప్రమాణం ఉంది. ఎస్ఎంపీఎస్ వైపు ప్లగ్గుకు లేదు, కంపెనీ కంపెనీకి పిన్నుల వరస మారుతుంది. 5 వోల్టులు రావాల్సిన చోట 12 వస్తే ఆ తీగ మీదున్న డిస్కులన్నీ ఒకేసారి పోతాయి. మూడు డిస్కులు, ఎన్ని పెళ్లిళ్లో. మీటరు పెట్టి చూస్తే నిజంగానే వరస వేరు. ఆ పాత సంచిని మూట కట్టి అటక మీద వేయించాను.

పవర్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక మాట. డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో 12 వోల్టుల మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. ఆరు డిస్కులకు 12 ఆంపియర్లు, అంటే దాదాపు 150 వాట్లు, స్విచ్ వేసిన మొదటి కొన్ని సెకన్లలోనే. అందుకే అన్నిటినీ ఒకే తీగకు వేలాడదీయలేదు. మూడు, మూడు చొప్పున రెండు తీగలు.

జూలై 1

వీధి చివర వెల్డింగ్ షాపులో ఇనుప స్టాండు చేయించాను. 56 బై 26 సెంటీమీటర్లు, నాలుగంగుళాల ఎత్తు, నాలుగు చక్రాలు. ఎస్ఎంపీఎస్ కింద నుంచి గాలి పీలుస్తుంది. అమ్మ రోజూ తడిగుడ్డ పెడుతుంది. పెట్టెను నేల మీదే ఉంచితే ఒకరోజు అది నీళ్లు కూడా పీలుస్తుంది. స్టాండుకు వేసిన ఎర్ర రెడ్ ఆక్సైడ్ మీద ఇంకో రంగు వేయలేదు. బావకు ఫోటో పంపితే "ఇరవై వేల పెట్టెకు ట్రాక్టర్ ట్రాలీ రంగా?" అన్నాడు.

జూలై 4

దుమ్ము పరీక్ష. గాలి వేగం కొలిచే యంత్రాలేవీ లేవు, దేవుడి గూట్లో ఊదుబత్తి ఉంది.

మొదట ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి, పైన పాతవి రెండు బయటికి పెట్టి చూశాను. లోపలికి వచ్చే గాలి తక్కువ, పోయేది ఎక్కువ. ఊదుబత్తిని కార్డు స్లాట్ల దగ్గర, అక్రిలిక్ అంచున, యూఎస్‌బీ పోర్టుల సందుల్లో తిప్పాను. ఎక్కడ పెట్టినా పొగ లోపలికే లాగుతోంది. అంటే ఫిల్టర్ లేని ప్రతి సందులోంచీ దుమ్ము పోతుంది. మా వైపు దుమ్ము మామూలు మట్టి కాదు. రెండు వీధుల అవతల బండలు పాలిష్ చేసే చోటుంది, గాలి అటు నుంచి తిరిగితే కిటికీ కమ్మీల మీద బూడిద రంగు పిండి పేరుకుంటుంది. మెత్తగా ఉంటుంది, తడి తగిలితే గట్టి పడుతుంది.

పైనున్న రెండు ఫ్యాన్లు ఊడదీశాను. వాటిలో ఒకటి ముందుకు తెచ్చాను. ఇప్పుడు ముందు మూడు లోపలికి, వెనక ఒకటే బయటికి. మళ్లీ ఊదుబత్తి. ఈసారి సందుల దగ్గర పొగ వెనక్కి నెట్టుకుంటూ నా ముఖం మీదికి వచ్చింది. తుమ్మాను. కానీ కావాల్సింది అదే. లోపలికి పోయే గాలంతా ముందున్న ఫిల్టర్లోంచే పోవాలి. ఆ ఫిల్టర్‌ను పదిహేను రోజులకోసారి నల్లా కింద కడిగి, నీడలో ఆరబెట్టి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. క్యాలెండర్‌లో గుర్తు పెట్టాను.

జూలై 9

జేజి ఒట్టికాళ్లతో వచ్చి, క్యాబినెట్ మీద చెయ్యేసి, చటుక్కున తీసేసింది. "జివ్వుమంటాంది అబ్బీ, కరెంటు పెట్టినావా దీనికి?"

నేను చెప్పులేసుకుని ఉన్నాను కాబట్టి నాకు తెలీలేదు. చెప్పులు విడిచి ముట్టుకుంటే నిజమే. మీటరు ఒక మొన పెట్టెకు, ఇంకో మొన ఇంటి ముందు కుళాయికి పెడితే 96 వోల్టులు. గుండె జారింది. తర్వాత నెమ్మదించి ఆలోచిస్తే అర్థమైంది. ఎస్ఎంపీఎస్ లోపలికి కరెంటు వచ్చే చోట, ఫేజు నుంచి ఒక చిన్న కెపాసిటర్, న్యూట్రల్ నుంచి ఒకటి, రెండూ పెట్టె రేకుకు కలిసి ఉంటాయి, విద్యుత్ రొదను ఎర్త్‌లోకి పంపడానికి. ఎర్త్ సరిగ్గా ఉంటే అదంతా భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే రేకు 230లో సగం దగ్గర తేలుతూ ఉంటుంది. మిల్లీఆంపియర్‌లో కొంత కరెంటే, చంపదు, జివ్వుమనిపిస్తుంది. పాత క్యాబినెట్‌కూ ఇది ఉండేదే. అది బండ కింద మూలన ఉండేది, ఎవరూ ముట్టుకోలేదు. ఇది నడిదారిలో నిలబడింది.

ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి సాకెట్ విప్పాడు. మూడో రంధ్రానికి తీగే లేదు. ఉత్త అలంకారం. మీటరు బోర్డు దాకా కొత్త తీగ లాగి, ఇంటి వెనక ఎర్త్ గుంత తవ్వి చూస్తే పైపు చుట్టూ బొగ్గు పొడిపొడిగా, ఎండిపోయి ఉంది. ఉప్పూ బొగ్గూ కొత్తవి పోసి, నాలుగు బిందెల నీళ్లు పోశాడు. "ఎండాకాలం దీనికి నీళ్లు తాపాల సామీ, చెట్టు మాదిరే" అన్నాడు. మళ్లీ కొలిస్తే 2 వోల్టులు. జేజిని పిలిచి ముట్టుకోమంటే రానంది.

జూలై 19

మొన్నటి ముహూర్తాల పెళ్లి ఒకటి మళ్లీ పెట్టి, నాలుగు గంటలు రెండర్ నడిపించాను. రూములో 35 డిగ్రీలు, ఆరు డిస్కుల్లో అన్నిటికంటే వేడిది 43. మేలో 57 ఉంది కదా, 14 డిగ్రీలు తగ్గిందని బావకు గొప్ప చెప్పబోయి ఆగాను. మేలో రూమే 39. పోల్చాల్సింది రూముకూ డిస్కుకూ మధ్య తేడాను. అప్పుడు 18, ఇప్పుడు 8. పదే తగ్గింది. వచ్చే మేలో రూము మళ్లీ 39 అయితే డిస్కు 47 దగ్గర ఉండాలి. ఎంత పెద్ద పెట్టె కొన్నా రూము కంటే చల్లగా ఉండదు, ఏసీ పెట్టించేది వేరే లెక్క, వేరే అప్పు.

బండ కింద ఖాళీ అయిన చోటులో అమ్మ బియ్యం డబ్బా పెట్టింది. దానికి 597 మిల్లీమీటర్లు సరిగ్గా సరిపోయాయి.

జూలై 24

రేపటి నుంచి శ్రావణం. మొదటి పెళ్లి అడ్వాన్సు తీసుకున్నాను, మూడు కెమెరాలు. డిస్కుల ట్రేల మీద తెల్ల పెయింట్ మార్కర్‌తో ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు రాశాను. ఐదో నంబరు పాత రబ్బరు బ్యాండు డిస్కే, దాన్ని ముందు ఫ్యాన్‌కు ఎదురుగా పెట్టాను. ఎర్త్ గుంతకు నీళ్లు పోసే పని నాయన తీసుకున్నాడు. నిన్న పోశాడో లేదో అడగాలి.